ఈశాన్యం మూల గోంగూర

సెప్టెంబరు నెలాఖరులో పొగమంచు ముందుగా ఇంటి వెనక్కి వస్తుంది. పైన్ చెట్ల మొదళ్లు మాయమైపోయి, కొమ్మలు మాత్రం గాల్లో నిలబడి ఉంటాయి. సరిగ్గా ఆ వేళకి సుధ కాఫీ కప్పు పట్టుకుని, చెప్పులు మెట్ల మీదే వదిలేసి, పెరట్లో ఈశాన్యం మూలకి నడిచి వెళ్తుంది.

అక్కడ ఆమె గోంగూర తోట. తోట అంటే పెద్దగా ఊహించుకోకండి, రెండు కార్లు పక్కపక్కన నిలిపితే సరిపోయేంత జాగా. కానీ అందులో పెరిగే గోంగూరని చూస్తే ఎవరికైనా కళ్లు కుట్టాల్సిందే. భుజాల దాకా ఎదిగిన ఎర్రకాడలు, అరచేయంత ఆకులు. జులైలో వానలు మొహం చాటేసి మిగతా పెరడంతా గోధుమరంగుకి తిరిగినా, ఆ మూల మాత్రం పచ్చగా, తడిగా, లోకంతో తనకేమీ పని లేనట్టు ఉండేది. వట్టి పాదాల కింద నేల మెత్తగా ఉంటుంది, కొంచెం వెచ్చగా కూడా. అక్కడ నిలబడితే సుధకి మెలకువకీ నిద్రకీ మధ్య ఎక్కడో ఉన్నట్టుంటుంది. కింద ఏదో సన్నగా పారుతున్నట్టు, అది తన పేరే అంటున్నట్టు అనిపిస్తుంది. ఈ మాట ఒకసారి మొగుడితో అంటే, "బీపీ టాబ్లెట్ వేసుకున్నావా?" అని అడిగాడు.

మొగుడి పేరు శేషగిరి. రీసెర్చ్ ట్రయాంగిల్‌ అనే ఆఫీసుల ప్రాంతంలో ఒక కంపెనీకి డేటాబేస్‌లు చూస్తాడు, వారంలో నాలుగు రోజులు ఇంట్లోంచే. అందరిలాగా మోరిస్‌విల్‌లో గోడకి గోడ ఆనించిన టౌన్‌హౌస్ కొనకుండా, అరగంట దూరంలో అడవి అంచున ఈ ఎకరంన్నర ఇల్లు కొన్నది ఆయనే. ఊరి డ్రైనేజీ ఇక్కడిదాకా రాదని, ఇంటికో సెప్టిక్ ట్యాంకు ఉంటుందని, నెలనెలా మురుగు బిల్లు కట్టక్కర్లేదని తెలిసినప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. "అంటే లైఫ్‌లాంగ్ ఫ్రీ!" అన్నాడు.

ఆ ఫ్రీని ఫ్రీగానే ఉంచడానికి ఆయన పడని పాట్లు లేవు. మూడేళ్లకోసారి ట్యాంకు ఖాళీ చేయించుకోమని, ఇల్లు కొన్నప్పుడు పరీక్ష చేసిన ఇన్‌స్పెక్టర్ రాసిచ్చిన కాయితం ఫైల్లోకి వెళ్లి తొమ్మిదేళ్లయింది. దానికి బదులు ప్రతి అమావాస్యకీ పులిసిన మజ్జిగలో బెల్లం ముక్క, చెంచాడు ఈస్టు కలిపి, కింది బాత్రూమ్ కమోడ్‌లో పోస్తాడు. లోపల మురికిని తినే సూక్ష్మజీవులకి అది మంచి బలమని యూట్యూబ్‌లో ఎవరో చెప్పారు. ఒక్క చుక్క బయట పడనివ్వకుండా, ఎంతో భక్తిగా పోస్తాడు. శని ఆదివారాల్లో కరెంటు చవకని వారం బట్టలన్నీ ఆదివారమే ఉతికించడం కూడా ఆయన పద్ధతే. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెషీన్ ఆగకుండా ఏడు వాయిలు తిరుగుతుంది.

సుధకి ఇవేవీ పట్టవు. ఆమె వారమంతా శనివారం చుట్టూ తిరుగుతుంది. మే నెల నుంచి మంచు పడేదాకా ప్రతి శనివారం పదింటికి మోరిస్‌విల్ నుంచి కార్లు వస్తాయి. విద్య, రేణు, నమ్రత, వాళ్ల వెంట కొత్తగా ఊళ్లోకి వచ్చినవాళ్లు. ఆకు కోసుకుంటారు, ఇంటి వెనక చెక్క డెక్ మీద కూర్చుని సుధ చేసిన ఉప్మా తింటూ కబుర్లాడుకుంటారు, రబ్బరు బ్యాండ్లు వేసిన కట్టలు సంచుల్లో పెట్టుకుని వెళ్తారు. వాట్సాప్‌లో వాళ్ల గ్రూపు పేరే 'గోంగూర శనివారం'. ఈ దేశం వచ్చి ఇరవై రెండేళ్లయినా సుధని ఫలానా అని నలుగురూ గుర్తుపట్టింది ఈ ఐదేళ్లలోనే. గుళ్లో కొత్తవాళ్లకి ఆమెని చూపించి "గోంగూర సుధక్క" అంటారు. వినీ విననట్టు ఊరుకుంటుంది గాని, ఆ మాట విన్న రోజు సుధ ఇంటికి వచ్చేదాకా కార్లో పాటలు పాడుకుంటుంది.

కట్టలన్నింటిలోకీ మొదటి కట్ట విద్య వాళ్లమ్మ చాముండేశ్వరిది. డెబ్భై నాలుగేళ్ల ఆవిడ, కూతురింట్లోనే ఉంటుంది. మడీ ఆచారం మనిషి. కూతురింట్లో కూడా ఆవిడ స్టవ్ వేరు, గిన్నెలు వేరు. బయట ఎవరింట్లోనూ పచ్చి మంచినీళ్లు ముట్టదు. అలాంటి ఆవిడ సుధ ఆకుని మాత్రం కాదనదు. కారు దిగకుండా కిటికీ అద్దం దించి, రెండు చేతులతో సంచి అందుకుంటుంది. "నేలలోంచి పుట్టినదానికి మైలేముంటుందమ్మాయ్? అందులోనూ నీది ఈశాన్యం" అంటుంది. ఈశాన్యం దేవుడి మూల, అక్కడ వేసింది గనకే ఇంత ఏపుగా వస్తోందని ఆవిడ నమ్మకం. సుధ నమ్మకమూ అదే.

ఈ వచ్చే శనివారం మామూలు శనివారం కాదు. మంచు పడకముందే ఏడాదికి సరిపడా నిల్వ పచ్చడి పెట్టుకోవాలని, తనకి పది కట్టలు కావాలని చాముండేశ్వరి కబురు పంపింది.

సోమవారం పొద్దున సుధ కాఫీ ముగించి లోపలికొచ్చేసరికి కింది బాత్రూమ్‌లో కమోడ్ గొంతు సవరించుకుంటోంది. ఎవరో చాలాసేపటి నుంచి ఒక మాట చెప్పాలని ఉండి మొహమాటపడుతున్నట్టు, గుళగుళమని చిన్న చప్పుడు, మళ్లీ నిశ్శబ్దం. సుధ గుమ్మంలో నిలబడి విన్నది. భయమేమీ వేయలేదు. తీరా సింకు పంపు తిప్పితే, స్నానాల టబ్బు అడుగు నుంచి బూడిదరంగు నీళ్లు నెమ్మదిగా పైకొచ్చి, ఒక సుడి తిరిగి ఆగాయి. వాసన ఆ తరవాత వచ్చింది.

"మొన్ననేగా మజ్జిగ పోశాను!" అన్నాడు శేషగిరి, అన్నం పెట్టిన చేతినే కరిచినంత బాధగా.

"ఎవర్నైనా పిలవండి."

"పిలుస్తాను. కాని వాళ్లు మూత వెతకడానికి, తవ్వడానికి వేరేగా ఛార్జ్ చేస్తారు. మూత మనమే తవ్వి రెడీగా పెట్టుకుంటే అంతా సేవ్ అయినట్టేగా?"

మాటలో తప్పేం లేదు. మూత ఎక్కడుందన్నదే తేలాలి. శేషగిరికి అందులో సందేహమే లేదు. ఇల్లు కొనేముందు హైదరాబాద్‌లో ఉన్న వాస్తు సిద్ధాంతికి వీడియో కాల్‌లో పెరడంతా తిప్పి చూపించాడు. సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలోనే ఉందా అని ఆయన అడిగాడు. ఇల్లు చూపిస్తున్న ఏజెంటుని అడిగితే, ఆవిడ ఇంకెవరితోనో ఫోన్లో మాట్లాడుతూ వెనక్కి ఎటో చెయ్యి ఊపింది. అది వాయవ్యం వైపే అని సిద్ధాంతికీ, మొగుడికీ పెళ్లానికీ ముగ్గురికీ అనిపించింది. అసలు బుద్ధున్నవాడెవడైనా ట్యాంకుని వాయవ్యంలో కాక ఇంకెక్కడ కడతాడు?

సోమవారం సాయంత్రం, మంగళవారం రోజంతా, మీటింగుకీ మీటింగుకీ మధ్య ఆయన వాయవ్యం తవ్వాడు. నెత్తికి తువ్వాలు, చెవుల్లో హెడ్‌సెట్టు. ఎండకి గట్టిపడ్డ ఎర్రమట్టి మీద పార వేస్తే ఎగిరి వెనక్కి వస్తోంది. మధ్యమధ్యలో గునపం పక్కన పెట్టి "యెస్, యెస్, ఐయామ్ హియర్" అంటున్నాడు. మొదటి గోతిలో పైన్ వేరు తగిలింది. రెండో గోతిలో ఎప్పటిదో బేస్‌బాల్ దొరికింది. మూడోది మోకాలి లోతుకి వెళ్లినా మట్టి తప్ప ఏమీ లేదు. ఈ రెండు రోజులూ మొగుడూ పెళ్లాం అవసరం వచ్చినప్పుడల్లా కారు వేసుకుని మూడు మైళ్ల దూరంలోని గ్యాస్ స్టేషన్‌కి వెళ్లొస్తున్నారు. ఊరికే బాత్రూమ్ వాడుకుని రావడం మర్యాద కాదని, వెళ్లినప్పుడల్లా రెండు అరటిపళ్లు కొంటున్నారు.

మంగళవారం సాయంత్రానికి తిన్నవి పోగా వంటింట్లో పదకొండు అరటిపళ్లు పోగయ్యాయి.

"ఏవండీ, ఇంక నా వల్ల కాదు. మీరు ఫోన్ చేస్తారా, నన్ను చెయ్యమంటారా?" అంది సుధ.

బుధవారం పొద్దున పెద్ద ట్యాంకర్ ట్రక్కేసుకుని సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే కర్టిస్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఈ కౌంటీలోనే పుట్టి పెరిగినవాడు. దిగగానే మూడు గోతుల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "సార్ ఏం పాతిపెడుతున్నారు?" అని అడిగాడు. శేషగిరి నవ్వలేదు.

కర్టిస్ నేలవైపు చూడలేదు, ఇంటి కప్పువైపు చూశాడు. కప్పు మీద బాత్రూమ్‌ల గాలి గొట్టాలు ఏ వైపున్నాయో చూసి, వాటికి సూటిగా అడుగులు వేసుకుంటూ తూర్పు వైపు తిరిగి పెరట్లోకి వెళ్లాడు. చేతిలో పొడవాటి స్టీలు కడ్డీ. పొగమంచు ఇంకా విడలేదు, ఆయన నడుస్తుంటే నడుం కింద భాగం కనబడటం లేదు. గోంగూర మొదటి వరసకి మూడడుగుల ఇవతల ఆగి కడ్డీని నేలలోకి దించాడు. మెత్తగా దిగింది. ఇంకోచోట దించాడు. నాలుగోసారి 'టక్' మంది.

"ఇదుగో" అన్నాడు.

"అది ఈశాన్యం కదా" అన్నాడు శేషగిరి తెలుగులో. కర్టిస్‌కి అర్థం కాలేదు, అయినా మర్యాదగా తల ఊపాడు.

పచ్చగడ్డిని చాపలా కోసి పక్కకి చుట్టి పెట్టాడు. మూరెడు లోతున కాంక్రీటు మూత బయటపడింది. కొక్కెం తగిలించి లేపితే కింద చీకటి. సుధ పమిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తొంగి చూసింది. నీళ్లు కనబడలేదు. బెరడులా గట్టిపడ్డ మడ్డి, దాని మీద నారింజరంగు జిడ్డు జీరలు. తొమ్మిదేళ్లుగా తను కడిగిన ప్రతి మూకుడూ, పచ్చడి కలిపిన ప్రతి బేసినూ అక్కడ కూర్చుని తనకేసి చూస్తున్నట్టనిపించింది.

"మీరు వండేదేంటో గాని మాంచి ఘాటు సరుకే మేడం" అన్నాడు కర్టిస్. కర్రకి పాత తువ్వాలు చుట్టి లోపలికి దించి, పైకి తీసి, నల్లగా అంటిన మేర చూపించాడు. బరువైనది అడుక్కి దిగుతుంది, నూనె పైకి తేలుతుంది, మధ్యలో తేరిన నీళ్లు బయటికి పోతాయి. వీళ్ల ట్యాంకులో మధ్య అన్నదే మిగల్లేదు.

లావుపాటి గొట్టం దించి ట్రక్కు మోటారు వేశాడు. గొట్టం వణుకుతూ గుక్కలు వేస్తోంది. బెరడు కదిలేలా మధ్యమధ్యలో పొడవాటి పారతో కలియబెడుతూ, ఎవరో చుట్టం ఆరోగ్యం గురించి చెప్తున్నట్టు నెమ్మదిగా చెప్పుకుపోయాడు. "దీన్ని చూసుకోవడం చాలా చవక మేడం. జిడ్డు గిన్నెని ముందు కాయితంతో తుడిచి ఆ కాయితం చెత్తలో వేయండి. బట్టలు రోజుకో వాయి చొప్పున ఉతకండి, ఒక్కరోజే అన్నీ వేస్తే పాపం దీనికి ఊపిరాడదు. మూత దాకా ఒక గొట్టం పెట్టి, నేల పైన ఆకుపచ్చ మూత బిగిస్తాను, ఇకముందు ఎవరూ తవ్వక్కర్లేదు. మూడేళ్లకోసారి నన్ను పిలవండి. అంతే."

"మరి మజ్జిగ?" అడిగాడు శేషగిరి.

విషయం విన్నాక కర్టిస్ మోటారు చప్పుడుని మించి నవ్వాడు. "మజ్జిగ మీరు తాగండి సార్. దానికి కావలసింది మీరు రోజూ పంపిస్తూనే ఉన్నారు."

తను అంత తవ్వాడు గనక బిల్లులో కాస్త తగ్గిస్తారా అని అడిగాడు శేషగిరి. ఆ గోతులు పూడ్చిపెట్టినందుకు ఏమీ తీసుకోనన్నాడు కర్టిస్.

ట్యాంకు ఖాళీ అయ్యాక ఆయన కడ్డీ తీసుకుని గోంగూరలోకి నడిచాడు. ఒక్కో అడుగు దూరంలో దించుతూ, తీస్తూ, ఆ చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చాడు. తీసిన ప్రతిసారీ కడ్డీ మొన తడిగా మెరుస్తోంది. ఒక మొక్కని మొదట్లో పట్టి పీకాడు. కుచ్చులా వేళ్లు, వాటి మధ్య చిన్న తెల్లటి ప్లాస్టిక్ గొట్టం ముక్క.

"ఈ ఆకు మీరు తింటారా?"

"తింటాం. మా ఫ్రెండ్స్ అందరూ తింటారు."

కర్టిస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ట్యాంకులోంచి వచ్చిన నీళ్లు చిల్లుల గొట్టాల్లోంచి ఈ నేలలోకే ఇంకుతాయని, ఈ మూలంతా అందుకే ఉందని చెప్పాడు. లోతుగా మట్టిలోకి దిగాకే ఆ నీళ్లు బాగుపడతాయి, పైన ఉన్నప్పుడు కాదు. ఇక్కడ గడ్డి తప్ప ఏమీ పెంచకూడదు. "మా అమ్మ ఇలాంటి చోట కొలార్డ్ అనే ఆకుకూర వేయనిచ్చేది కాదు. మీరు వండుకుని తిన్నారు, బాగానే ఉన్నారు, సంతోషం. నేనైతే తినను" అన్నాడు. వేళ్లు గొట్టాల్లోకి పోయాయి గనక మొక్కలన్నీ తీసేసి, ఒక చలికాలం నేలకి విశ్రాంతి ఇస్తే ఇది బతుకుతుందట. లేకపోతే పెరడంతా తవ్వి కొత్తది వేయాలి, అది ఒక కారు ఖరీదు.

సుధ తన పాదాలకేసి చూసుకుంది. ఇవాళ కూడా చెప్పుల్లేవు. ఐదేళ్లుగా ప్రతి పొద్దునా ఆ వెచ్చదనం నేలదని అనుకుంది. అది తమ స్నానాల నీళ్లది.

గురువారం ఇంట్లో పంపులన్నీ హాయిగా పారాయి. శేషగిరి రెండుసార్లు స్నానం చేశాడు. భోజనాల దగ్గర గొంతు తగ్గించి, "తోట పీకేద్దాం. జింకలు తినేశాయని చెప్పు" అన్నాడు.

సుధ పప్పు గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నమ్ముతారు సుధా. ఇక్కడ అందరి తోటలూ జింకలే తింటాయి. ఐదేళ్లు తిన్నారు, ఎవరికైనా ఏమైనా అయిందా? కడిగారు, ఉడికించారు, నూనెలో వేయించారు. ఇంకేం బతుకుతుంది అందులో? ఊరికే అందర్నీ డిస్టర్బ్ చెయ్యడం దేనికి?"

"మరి చాముండేశ్వరి పిన్నిగారు?"

"ఆవిడకి మాత్రం అస్సలు చెప్పకు. అక్కడికక్కడే పోతుంది."

మధ్యాహ్నం డెక్ మీద కుర్చీలో సుధకి కునుకు పట్టింది. గోంగూర గాలికి ఊగుతోంది. ఆడవాళ్లందరూ మంచి చీరలు కట్టుకుని వరసగా వంగి ఆకు కోస్తున్నారు. వంగినప్పుడల్లా వాళ్ల చేతులు నీళ్లలోకి దిగినట్టు నేలలోకి మోచేతుల దాకా దిగుతున్నాయి, ఎవరూ గమనించడం లేదు. గట్టు మీద చాముండేశ్వరి ఒక్కో ఆకుని విడదీసి బిందెలో కడుగుతోంది. ఎన్నిసార్లు మార్చినా ఆ నీళ్లు తేరుకోవడం లేదు. "పిన్నిగారూ, వద్దు" అని అరిస్తే గొంతు రాలేదు. మెలకువ వచ్చేసరికి మెడంతా చెమట, ఎదురుగా అదే తోట అంతే అందంగా ఊగుతోంది.

ఫోన్ తీసింది. 'ఈసారి ఆకు మొత్తం జింకలు తినేశాయి, శనివారం రాకండి' అని కొట్టింది. ఎంత నున్నటి అబద్ధం, ఎక్కడా గరుకు తగల్లేదు. ఏడుపు బొమ్మ కూడా ఫోనే అందించింది. ఒక్క వేలు నొక్కితే గోంగూర సుధక్క గోంగూర సుధక్కగానే ఉంటుంది. అందరూ అయ్యో అంటారు, వచ్చే ఏడు విత్తనాలు పంపిస్తామంటారు.

కానీ చాముండేశ్వరి గూట్లో నిరుటి జాడీ ఇంకా పావు వంతు ఉంది. పొద్దున భోజనంలో మొదటి ముద్ద ఆవిడ ఆ పచ్చడితోనే కలుపుకుంటుంది. ఈ మాట ఆవిడే కారు కిటికీలోంచి ఎన్నోసార్లు చెప్పింది. తను నోరు మూసుకుని కూర్చుంటే రేపు పొద్దున కూడా ఆవిడ చేత తినిపించినట్టే. ఇన్నాళ్లూ తెలియక పెట్టింది. రేపటిది తెలిసి పెట్టినట్టవుతుంది. సుధ జింకల్ని చెరిపేసింది.

శుక్రవారం పొద్దున్నే ఉన్నది ఉన్నట్టు రాసింది. రాయడానికి గంట పట్టింది గాని చివరికి నాలుగు వాక్యాలే వచ్చాయి. తోట ఉన్నది సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే చోట. తనకి బుధవారమే తెలిసింది. ఇంట్లో ఉన్న ఆకు, పచ్చడి పారేయండి. నన్ను క్షమించండి.

చదివినట్టు నీలం గుర్తులు ఒకటొకటిగా పడ్డాయి. పదకొండు మంది చదివారు. అరగంటకి నమ్రత 'ఓకే' అని పెట్టింది. ఇంకో పది నిమిషాలకి రేణు గ్రూపులోంచి వెళ్లిపోయినట్టు ఒక వాక్యం కనిపించింది. ఆ వెంటనే ఇంకొకరు. గిన్నె కిందపడితే కూడా అంత చప్పుడు కాదు. సుధ ఫోన్‌ని బోర్లా పెట్టి, మళ్లీ తిప్పి చూసింది.

విద్య ఫోన్ చేసింది. "సుధక్కా, ఏంటక్కా ఇది? అమ్మకి నేనెలా చెప్పనూ? మా ఇంట్లో నిన్నటిదాకా నైవేద్యానికి కూడా... మా ఆయన మోహన్ అయితే హాస్పిటల్‌కి వెళ్దాం, టెస్టులు చేయిద్దాం అంటున్నాడు."

"పిన్నిగారికి ఫోనివ్వు విద్యా. నేనే చెప్తాను."

సుధ చెప్పింది. ఈశాన్యంలో తోట ఒక్కటే కాదు పిన్నిగారూ, ట్యాంకూ అక్కడే ఉంది, అని మొదలుపెట్టి అన్నీ చెప్పింది. అవతల ఊపిరి మాత్రం వినిపించింది. తరవాత అదీ ఆగిపోయింది, లైన్ కట్టయింది.

శనివారం పొద్దున పొగమంచులో సుధ చెప్పులు వేసుకుని, చేతులకి గ్లోవ్స్ తొడుక్కుని తోటలోకి వెళ్లింది. రెండు చేతులతో కాడని మొదట్లో పట్టుకుని, మడమలు నేలకి తన్నిపెట్టి లాగాలి. ముందు కాస్త బిగుస్తుంది, తరవాత నేల తనంతట తనే వదిలేసినట్టు ఊడి వస్తుంది. శేషగిరి వేళ్ల మట్టి దులిపి పెద్ద నల్ల సంచుల్లో కుక్కుతున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఒక్కసారి మాత్రం ఆయన, "బాగా పెంచావు" అన్నాడు, పెళ్లయ్యాక మొదటిసారి. సుధకి కళ్లు నీళ్లు తిరిగాయి. ఆ మాటేదో పచ్చగా ఉన్నప్పుడే అనకూడదా మనిషి!

పదయింది. అలవాటుగా చెవి రోడ్డు వైపు వెళ్లింది. పదింపావు. ఒక ఫెడెక్స్ పార్సిల్ బండి ఆగకుండా వెళ్లిపోయింది. డెక్ మీద కుర్చీలు ఖాళీగా, మంచు తడితో మెరుస్తున్నాయి. ఇవాళ ఉప్మా చేయలేదు, అయినా ఉల్లిపాయలు తరిగేసింది. ఇకమీదట శనివారాలు కూడా మంగళవారాల్లాగే ఉంటాయి కాబోలు అనుకుంది.

పదకొండు కావొస్తుండగా కంకర మీద చక్రాల చప్పుడైంది. విద్య కారు. తిట్టడానికే వచ్చి ఉంటుంది. తిట్టనీ, తిట్టించుకోవలసిందే అనుకుంటూ సుధ మట్టి గ్లోవ్స్‌తోనే ఎదురు వెళ్లింది.

విద్య దిగింది, సుధ కళ్లలోకి చూడలేదు. "నేను వద్దన్నానక్కా. వినలేదు" అని మాత్రం అంది. ఇటువైపు తలుపు తెరుచుకుంది. నేత చీర కింద తెల్లటి స్నీకర్లు ముందు నేల మీద ఆనాయి. చాముండేశ్వరి కారు దిగింది. ఐదేళ్లలో ఆవిడ ఆ నేల మీద కాలు పెట్టడం ఇదే మొదలు.

"ఎక్కడ?" అంది.

సుధ చూపించింది. ఆవిడ కూతురి చెయ్యి పట్టుకోకుండా, గడ్డి మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లింది. కర్టిస్ బిగించిన ఆకుపచ్చ మూత ముందు నిలబడి, పీకి పడేసిన గోంగూరని, నల్ల సంచుల్ని, శేషగిరిని, మళ్లీ మూతని చూసింది. శేషగిరి సంచి వెనక్కి ఒక అడుగు జరిగాడు.

"దీని మీద మొలిచిందేనా నేను తిన్నది?"

"అవును పిన్నిగారూ."

"ఐదేళ్లు."

"ఐదేళ్లు."

"చెప్పకుండా ఊరుకోవచ్చుగా. ఎవరికి తెలుస్తుంది?"

"మీరు రోజూ తింటున్నారు కదా పిన్నిగారూ" అంది సుధ.

చాముండేశ్వరి మొహంలో ఏదో కదిలింది. ఏడుస్తోందేమోనని విద్య ముందుకొచ్చింది. ఏడుపు కాదు. ముందు ముక్కులోంచి వచ్చింది ఆ నవ్వు, తరవాత భుజాలు కూడా కదిలాయి.

"పదకొండేళ్లమ్మాయ్, ఈ దేశం వచ్చి" అంది కళ్లు తుడుచుకుంటూ. "ఎవరింటికెళ్లినా ద్వారబంధం పక్కన కుర్చీ వేయించుకుని, అందరూ తింటుంటే గోడకేసి చూస్తూ కూర్చున్నాను. మొదట్లో బతిమాలేవాళ్లు. రెండేళ్లకి బతిమాలడం మానేశారు, తరవాత పిలవడమే మానేశారు. వాళ్ల తప్పేముంది? నేనూ కారు దిగడం మానేశాను. ఇంట్లో నేనూ, నా స్టవ్వూ. ఇంత చేసి ఏం కాపాడుకున్నానయ్యా అంటే, ఇదిగో, ఇదీ!" అని స్నీకరు మొనతో మూతని చిన్నగా తట్టింది.

"పిన్నిగారూ, నేను కావాలని..."

"నువ్వుండు. నిన్న నీ ఫోనయ్యాక జాడీ చెత్తలో పారబోయించాను, తలారా స్నానం చేశాను. కూర్చుని ఏడుద్దామనుకున్నాను. ఎంతసేపు కూర్చున్నా ఏడుపు రాలేదు. ఆకలేసింది." ఆవిడ ఇంటివైపు తిరిగింది. "ఇంకా ఇక్కడే నిలబెడతావేంటి నన్ను? చేతులు కడుక్కుని వచ్చి కాఫీ పెట్టు. చక్కెర రెండు చెంచాలు."

విద్య ముక్కున వేలేసుకుంది. "అమ్మా, నువ్వు... వీళ్లింట్లోనా?"

"ఎవరింట్లో అయితేనేం, ఇంకెక్కడ మొదలుపెట్టమంటావు?"

వంటింట్లో టేబుల్ దగ్గర శేషగిరి కుర్చీలో కూర్చుంది చాముండేశ్వరి. కిటికీలోంచి వెలుతురు వచ్చి ఆవిడ తెల్ల జుట్టు మీద పడింది. సుధ మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుంది. పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడిపోయి, చివరి క్షణంలో స్టవ్ కట్టింది. కప్పు సాసరులో పెట్టి అందించింది. ఆవిడ దాన్ని ఎత్తి పోసుకోలేదు. అంచుకి పెదవులు ఆనించి, కళ్లు మూసుకుని తాగింది. వెనక గుమ్మంలో శేషగిరి మట్టి బూట్లతో అలాగే నిలబడిపోయాడు.

"ఏం వండావు?" అంది కప్పు కింద పెట్టి.

"ఇవాళ ఇంకా ఏం వండలేదు పిన్నిగారూ. పది నిమిషాల్లో..."

"నిన్నటిది?"

సుధ విద్యకేసి చూసింది. విద్య తల్లికేసి చూస్తోంది.

"టమాటా పప్పుంది. ఫ్రిజ్‌లో. కాని అది నిన్నటిది పిన్నిగారూ."

"వినబడింది. తీసుకురా."

అన్నం వేడిగా వండుతానన్నా ఆవిడ ఆగలేదు. పప్పు వెచ్చబెట్టి, మిగిలిన అన్నం మీద వేసి, కాస్త నెయ్యి వేసి సుధ పళ్లెం ముందు పెట్టింది. చాముండేశ్వరి మొదటి ముద్ద కలిపి, దానికేసి ఒక్క క్షణం చూసింది, నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. రెండో ముద్ద అంత మెల్లగా నమలలేదు. నెయ్యి వేళ్ల మీంచి కారితే నాకేసింది కూడా. విద్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. కళ్లు నిండిపోయాయి, ఎందుకో ఆమెకే తెలియదు.

పళ్లెం ఖాళీ అయింది. సుధ తీయబోతే ఆవిడ ఎడమచెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకాస్త వెయ్యి" అంది.